రాతి మీది వ్రాత, ఊరిలోని సభ

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము అను మూడు పట్టణములును గుంతకల్లునుండి బెంగుళూరునకు పోవు పాత రైలుమార్గముపై నున్నవి. ధర్మవరము పేరు చెప్పిన పట్టుచీర, హిందూపురము పేరు చెప్పిన బెల్లము, చింతపండు బజారు, పెనుకొండ పేరు చెప్పిన కోట ఎవరికైనను జ్ఞప్తికి వచ్చును. అయితే ఈ మూడు ఊళ్ల చరిత్ర వ్రాయ బూనినవాడు ఈ మార్గమున ఎన్నిమారులు తిరిగినను పని తీరదు. అతడు మదరాసు పోవలెను, మైసూరు పోవలెను, ఓపికయున్నచో లండను కూడ పోవలెను. చరిత్రకు కావలసిన సామగ్రి ఈ సీమలో పుట్టి ఈ సీమ దాటిపోయినది. అది పండితుల చేతులలో గ్రంథమై, ఉపన్యాసమై, మరల ఈ ఊళ్లకు ఎంతవరకు తిరిగివచ్చినది, ఎవరి నోట వచ్చినది అనునదియే ఇచ్చట విచారింపవలసిన విషయము.

1800 సంవత్సరమున నిజాము ఈ మండలములను కుంఫిణీవారికి వదలినాడు. దత్తమండలములను పేరు దాని ఫలమే. మన్రో దొర అనంతపురమున కూర్చుండి పన్నులు కట్టుచుండిన కాలము గడచిన కొలది యేండ్లకు కాలిన్ మెకంజీ భూమి కొలతకు వచ్చెను. కొలత గొలుసుతోపాటు అతని మనుషులు ప్రతి గ్రామమున కరణముల కవిలెలను విప్పించి, పెద్దల నోటి మాట వినిపించుకొని, కైఫీయతులు వ్రాయించిరి. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అను సోదరులు ఆ పనికి మూలస్తంభములు. ఊరు ఎవరు కట్టించిరి, చెరువు ఎవరు త్రవ్వించిరి, మాన్యము ఎవరి దానము అను ప్రశ్నలకు గ్రామస్థులు చెప్పిన సమాధానములవి. మెకంజీ 1821లో మరణించెను. ఆ సంపుటములు కొన్ని సముద్రము దాటినవి, కొన్ని మదరాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమునకు చేరినవి. చెప్పినవాని మనుమనికి తాత యేమి చెప్పెనో తెలియకపోయెను.

తరువాత శాసనములవంతు వచ్చెను. 1886లో హుల్ట్ష్ అను జర్మను పండితుడు మదరాసు ప్రభుత్వమునకు శాసన పరిశోధకుడుగా నియమింపబడెను. నాటినుండి శాసనశాఖవారు ఏటేట గ్రామములు తిరిగి రాళ్లకు మసి అచ్చులు తీసికొనిపోయి నివేదికలు ప్రకటించుచు వచ్చిరి. ఆ కార్యాలయము మదరాసు విడిచి ఉదకమండలమునకు, అచ్చటినుండి 1966లో మైసూరునకు మారినది. దక్షిణ భారత శాసనముల తొమ్మిదవ సంపుటము రెండు భాగములుగా 1939, 1941 సంవత్సరములలో వెలువడెను. మదరాసు రాజధానిలోని కన్నడ శాసనములు అందున్నవి. విజయనగర రాజుల తెలుగు శాసనములు పదునారవ సంపుటముగా 1972లో వచ్చినవి. లేపాక్షి హిందూపురమునకు పదునైదు కిలోమీటర్ల దూరముననే యున్నది. అయినను లేపాక్షి శాసనపాఠము హిందూపురమున దొరకుటకంటె మైసూరున దొరకుట సులభమను మాట బహుకాలము సత్యమైయుండెను.

రాతిమీది అక్షరమే కాదు, రాళ్లే తరలిపోయిన ఊరు కూడ ఈ ప్రాంతమున కలదు. మడకశిర ప్రాంతమందలి హేమావతి ఒకనాడు హెంజేరు అను పేర నొళంబ పల్లవులకు రాజధాని. అచ్చటి నల్లరాతి శిల్పములు అనేకము మదరాసు మ్యూజియమునకు చేరినవి. వాటినిగూర్చి సి. శివరామమూర్తిగారు 1964లో ప్రత్యేక గ్రంథము వ్రాసిరి. నొళంబ శైలి స్తంభములు తమిళదేశమున తిరువైయారు ఆలయమున నేటికిని కనబడుచున్నవి. చోళులు జయచిహ్నములుగా వాటిని కొనిపోయిరని పండితులు చెప్పుదురు. చోళుడు పట్టుకపోయిన స్తంభమునకును, సర్కారువారు కాపాడుటకై తీసికొనిపోయిన విగ్రహమునకును భేదము కలదనుట నిజమే. అయినను హేమావతి పిల్లవానికి ఆ రెండును తన ఊరిలో లేనివే.

ఇట్లు చేరిన సామగ్రినుండి విశ్వవిద్యాలయములు చరిత్రను నిర్మించినవి. మదరాసు సివిలు సర్వీసున పనిచేసిన రాబర్ట్ సీవెల్ 1900 సంవత్సరమున ‘మరచిపోయిన సామ్రాజ్యము’ అని విజయనగర చరిత్రను ఇంగ్లీషున ప్రకటించి, పేయిస్, నూనిజ్ అను పోర్చుగీసువారి వ్రాతలను లోకమునకు చూపెను. 1914లో మదరాసు విశ్వవిద్యాలయమున భారత చరిత్రకు ఆచార్యపీఠము ఏర్పడెను. దానినలంకరించిన ఎస్. కృష్ణస్వామి అయ్యంగారు 1919లో విజయనగర చరిత్రకు ఆధారములైన తెలుగు, సంస్కృత కావ్యభాగములను ఒక సంపుటముగా కూర్చిరి. బొంబాయి సెయింట్ జేవియర్ కళాశాలలో నుండిన హెన్రీ హేరాస్ అను స్పెయిను దేశపు పాదరీ 1927లో ఆరవీటి వంశ చరిత్రను వ్రాసెను. ధారవాడనుండి 1936లో విజయనగర షట్ శతాబ్ది స్మారక సంపుటము వచ్చెను. నీలకంఠ శాస్త్రి, నేలటూరి వేంకటరమణయ్యగార్లు కలసి 1946లో మరి మూడు సంపుటముల ఆధారములను మదరాసు విశ్వవిద్యాలయము పక్షమున వెలువరించిరి. మెకంజీ కైఫీయతులలోని తెలుగు భాగములు వాటిలో చోటు చేసికొన్నవి.

పెనుకొండకు ఈ గ్రంథములు చేసిన ఉపకారము చిన్నది కాదు. 1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధముతో విజయనగరమునకు కాలము చెల్లినదని సామాన్యముగా చెప్పుకొందురు. నగరము పాడయినది గాని రాజ్యము అంతటితో పోలేదు. తిరుమల రాయలు పెనుకొండ చేరి, ఇచ్చటనే ఆరవీటి వంశమునకు పట్టము కట్టుకొనెను. అతని వెనుక శ్రీరంగరాయలు, 1586 మొదలు వేంకటపతి రాయలు ఇచ్చటినుండి ఏలిరి. 1589లో గోలకొండ సైన్యము ముట్టడించినను కోట లొంగలేదు. రాజధాని చంద్రగిరికి మారినది ఆ తరువాతనే. అనగా రమారమి ఇరువదియైదేండ్లు ఈ పెనుకొండయే కర్ణాట సామ్రాజ్యమునకు ముఖ్యనగరము. హేరాస్ గ్రంథము రాకపూర్వము ఈ కాలమును ఒక ఉపసంహారముగా రెండు పుటలలో ముగించుట వాడుకగా నుండెను. అయితే ఈ గ్రంథములన్నియు ఇంగ్లీషున వ్రాయబడినవి, వెల హెచ్చు, చదివినవారు నగరవాసులు. పెనుకొండ బజారులో కూర్చున్నవానికి తన ఊరు రాజధానియైన సంగతి హేరాస్ వలన తెలియలేదు.

వానికి అది పద్యము వలన, నాటకము వలన తెలిసినది. ధర్మవరమున 1853లో జన్మించిన రామకృష్ణమాచార్యులు బళ్లారిలో నాటక సమాజము నడిపి ఆంధ్ర నాటక పితామహులనిపించుకొనిరి. అదే బళ్లారిలో కోలాచలము శ్రీనివాసరావు విజయనగర పతనమును రంగస్థలమునకెక్కించెను. పెనుకొండలో పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులు బాల్యముననే ‘పెనుగొండలక్ష్మి’ అను కావ్యము వ్రాసిరి. తరువాత తాము విద్వాన్ పరీక్షకు కూర్చున్నపుడు ఆ పుస్తకమే పాఠ్యగ్రంథముగా నుండుట సీమలో అందరు చెప్పుకొను ముచ్చట. ఈ కవులును నాటకకర్తలును చేసిన సేవ గొప్పది. కాని రంగస్థలమునకు శత్రువు కావలెను, మిత్రుడు కావలెను, చివర కన్నీరు కావలెను. ఆధారములు అంత సులభముగా ఒదుగవు. రక్కసి తంగడిలో రామరాయలను ఎదిరించిన ఇబ్రహీం కుతుబ్‌షా అంతకుముందు ఏడేండ్లు విజయనగరమున ఆశ్రయము పొందినవాడే. తెలుగు కవులు మల్కిభరాముడని పొగడినది అతనినే. బిజాపురపు అలీ ఆదిల్‌షా రామరాయల యింట కుమారునివలె గౌరవమందినవాడు. పార్శ్వనాథుని బసది, రాముని గుడి, శివుని గుడి, బాబయ్య దర్గా ఒకే ఊరిలో నున్న పెనుకొండవంటి చోట నాటకము చెప్పు చరిత్రకును, పత్రములు చెప్పు చరిత్రకును గల వ్యత్యాసము పండితుల వాదముగా మాత్రమే మిగిలిపోదు. ఇరుగుపొరుగువారు ఒకరినొకరు ఏ కంట చూతురనునది దానిమీద కొంత ఆధారపడియుండును.

విశ్వవిద్యాలయము గ్రంథమును విడిచి సభకు వచ్చి తెలుగున మాట్లాడిన సందర్భము ఈ జిల్లాలో ఒకటి చిరస్మరణీయమైనది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు స్థాపింపబడెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు ఉపాధ్యక్షులు. 1928లో పరిషత్తు పక్షమున అనంతపురమున వేమననుగూర్చి వరుసగా ఏడు ఉపన్యాసములు జరిగెను. ఇచ్చినవారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు. వారు ఈ జిల్లావారే. అప్పటికి మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించుచుండిరి. మరుసటి యేట ఆ ఉపన్యాసములు పుస్తకముగా వచ్చి నేటికిని చదువబడుచున్నవి.

ఎన్నుకొన్న విషయమును గమనింపవలెను. వేమన పద్యము రాని పసివాడు తెలుగుదేశమున లేడు. వేమన సమాధియని చెప్పబడు కటారుపల్లె కదిరి సమీపమున నున్నది. అనగా శ్రోతలకు వేమన పుస్తకములోని పేరు కాదు, పొరుగూరి పెద్ద. అట్టివానినిగూర్చి వేశ్య కథ, స్వర్ణవిద్య కథ మొదలగు ఎన్నో కథలు వినికిడిలో నున్నవి. వాటి నడుమ నిలిచి కాలమేది, దేశమేది, ఏ పద్యము అతనిది, ఏది కాదు అని పరీక్షించుట సాహసము. పండితసభలో ఆ ప్రశ్నలు వేయుట తేలిక. ఆ కథలను తల్లిపాలతో త్రాగినవారి యెదుట వేయుట కష్టము. విసుగు పుట్టింపకయు, వెటకారము చేయకయు, ఏడు దినముల పని సాగించుటయే ఆ ఉపన్యాసముల ఘనత. చరిత్రశాఖ ఏర్పాటు చేసిన సభలు కాకపోయినను, చరిత్రోపన్యాసము ఊరిలో ఎట్లుండవలెనో ఇంతకన్న మంచి మాదిరి దొరకదు.

ఆ మాదిరి కొనసాగలేదు. పరిషత్తు కేంద్రము బెజవాడయా, రాజమహేంద్రవరమా, విశాఖపట్టణమా, అనంతపురమా అను తగవు బలిసి, తుదకు వాల్తేరు స్థిరమైనది. దత్తమండలపు కళాశాలలు మదరాసు విశ్వవిద్యాలయమువైపే మరలినవి. రాయలసీమ యను క్రొత్త పేరు నంద్యాల సభలో వెలసినదియు ఆ 1928లోనే. 1937 నవంబరు 16న మదరాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ భవనమున కోస్తా, సీమ నాయకులు చేసికొన్న ఒడంబడికలో అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము నెలకొల్పవలెనను షరతు కలదు. నీటిపారుదల, శాసనసభ స్థానములు, రాజధాని మొదలగు పెద్ద సమస్యల సరసన విద్యాకేంద్రమునకు స్థానమిచ్చుట సీమవారి అభిప్రాయమును తెలుపుచున్నది. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము వచ్చెను. 1968లో దాని స్నాతకోత్తర కేంద్రము అనంతపురమున తెరవబడెను. అదియే 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమాయెను. శ్రీబాగ్ మాట చెల్లుటకు నలువదినాలుగేండ్లు పట్టినది. ఇక చరిత్ర చెప్పు ఆచార్యులకు పెనుకొండ చేరుట ఒక పూట ప్రయాణమే. 2022 ఏప్రిలులో ఈ మూడు పట్టణములును అనంతపురము జిల్లానుండి విడివడి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. అయినను దూరము మారలేదు.

నేడు విశ్వవిద్యాలయపు చరిత్రశాఖలు ఉపన్యాసములతోపాటు కార్యశాలలు కూడ నడుపుచున్నవి. ఉపన్యాసమున ఒకరు చెప్పుదురు, తక్కినవారు విందురు. కార్యశాలలో అందరి చేతులు మసియగును. శాసనమునకు అచ్చు తీయు పద్ధతినే చూడుడు. మొదట రాతిని నీటితో కడిగి మెత్తని కుంచెతో మట్టిని వదలింతురు. తడిపిన కాగితమును రాతిపై పరచి, గట్టి కుంచెతో మెల్లమెల్లగా కొట్టుదురు. కాగితము అక్షరముల గుంటలలోనికి దిగును. అది కొంత ఆరిన పిమ్మట మసిసిరాలో అద్దిన దిండుతో పైపైన ఒత్తుదురు. మిట్ట నల్లబడును, గుంట తెల్లగా నిలుచును. ఎండలో కంటికి కనబడని అక్షరము కాగితముమీద కనబడును. మేకుతో గీకుట, నూనె పూయుట, అక్షరముల గుంటలలో రంగు నింపుట ఎంత హానికరములో ఒక్క పూట ఈ పని చేసినవానికి వేరుగా చెప్పనక్కరలేదు. గుడి బాగుచేయు ఉత్సాహమున సున్నము క్రింద అణగిపోయిన శాసనములు తక్కువ కావు. ఆ పని చేసినవారు భక్తులే. అక్షరముల విలువ వారికి చెప్పినవారు లేకపోయిరి.

తరువాతిది కాలగణన. పెనుకొండ కోట ఉత్తర ద్వారమునొద్ద నున్న శాసనము బుక్కరాయల కాలమున ఆయన కుమారుడు విరూపణ్ణ ఒడయరు ఈ సీమను పాలించుటను, కోట కట్టుటను తెలుపుచున్నది. శకవర్షము 1276, జయ సంవత్సరము. శకవర్షమునకు 78 కలిపిన క్రీస్తు శకము 1354 అగును. లెక్క సరియో కాదో తేల్చుటకు పెద్ద గ్రంథములు వలదు. అరువది సంవత్సరముల చక్రము పదునొకండు మారులు తిరిగిన 660 యేండ్లు. 1354కు కలిపిన 2014. ఆ యేటి ఉగాది పంచాంగము తీసి చూచిన జయనామ సంవత్సరమే. ఇంటి పంచాంగముతో బుక్కరాయల శాసనమును సరిచూడవచ్చునని తెలిసినవాడు కోటద్వారము దాటునపుడు ఆ రాతిని మునుపటివలె చూడడు.

మరియొక చిక్కు లిపి, భాషలది. ఈ ప్రాంతపు శాసనములు అనేకము కన్నడమున నున్నవి. ఆనాడు తెలుగు, కన్నడ లిపులకు భేదము స్వల్పము. తెలుగు మాత్రమే చదివిన పండితుడు ఇచ్చట తడబడును. కాని హిందూపురము బజారున రెండు భాషలును పుట్టుకతో వచ్చిన పిల్లలు కలరు. శాసనపఠనమున వీరికి గల అనుకూలత రాజధానీ నగరముల విద్యార్థులకు లేదు. గ్రంథాలయములలో కన్నడ నిఘంటువు ఒకటియైన నుంచకపోవుట ఈ అనుకూలతను చేజేతుల పోగొట్టుకొనుటయే.

లేపాక్షి విషయమున కార్యశాలకు పరీక్ష ఎదురగును. విరూపణ్ణ రాజధనమును గుడికి వెచ్చించెననియు, రాజదండనకు వెఱచి తన కన్నులు తానే పెరికికొనెననియు, గోడపైని ఎఱ్ఱని మరకలు ఆ నెత్తురేయనియు చెప్పుదురు. రామాయణ కథలోని ‘లే పక్షీ’ అను పలుకునుండి ఊరి పేరు వచ్చెనని మరియొక కథ. అచ్యుతరాయల కాలపు శాసనములలో కనబడునది వేరొక విరూపణ్ణ. నంది లక్కిసెట్టి కుమారుడు, సోదరుడు వీరణ్ణతో కలసి వీరభద్రునికి గుడి పెంచినవాడు, దానములు కల్పించినవాడు. కథను త్రోసివేయనక్కరలేదు. జనులు విరూపణ్ణ త్యాగమును ఎట్లు తలచిరో కథ చెప్పును, అతడేమి ఇచ్చెనో రాయి చెప్పును. రెంటిని వేరువేరు పుటలలో వ్రాసికొనుట నేర్పినచో చాలును. 2022లో లేపాక్షి ఆలయమును, ఏకశిలా నందియు యునెస్కో ప్రపంచ వారసత్వపు తాత్కాలిక పట్టికలో చేరినవి. యాత్రికులు పెరిగిన కొలది మార్గదర్శకులు చెప్పు కథలు కూడ పెరుగును.

ధర్మవరమునకు రాతికంటె మగ్గము ప్రధానము. క్రియాశక్తి ఒడయరు తన తల్లి ధర్మాంబ పేర ఊరు కట్టించెనని స్థలకథ. కాని ఊరి అసలు దస్తావేజులు నేతగాండ్ర యిండ్లలో నున్నవి. పాత జమాఖర్చు పుస్తకములు, నమూనా బుటాలు, పట్టు తెప్పించిన చీట్లు ఎవరును చరిత్రయని తలపక చిత్తుకాగితములలో కలిపివేయుచుండిన వస్తువులు. లేపాక్షి కప్పుపై చిత్రింపబడిన స్త్రీపురుషుల వస్త్రములలోని అంచులు, గళ్లు, చారలు విదేశపు పండితులను సైతము ఆకర్షించినవి. 2019లో డల్లపిక్కోలా, మిషెల్, ఫ్రిట్జ్, ఖాన్ మజ్లిస్ అను నలుగురు కలసి వ్రాసిన లేపాక్షి గ్రంథమున వస్త్రములు తెలిసినవారు ఒకరుండుట గమనింపదగినది. ఆ చిత్రముల యెదుట ధర్మవరపు నేతగాని కూర్చుండబెట్టి, ఏ అంచు ఏ విధముగా నేయవచ్చునో అతని నోట పలికించి వ్రాసికొనినచో, ఆ దినము ఆచార్యుడు విద్యార్థి కావలసివచ్చును. అట్టి కార్యశాలయే ఫలవంతము.

రైతులకు చెరువు చరిత్ర చెప్పిన చెవియొగ్గుదురు. కడప జిల్లా పోరుమామిళ్లలో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు 1369లో వేయించిన శాసనము చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను వరుసగా చెప్పును. వేయిమంది కూలీలు దినదినమును, నూరు బండ్లు కట్టకు రాయి తోలుచు, రెండేండ్లు శ్రమించిరని అందున్నది. బుక్కపట్టణము చెరువు క్రింద వ్యవసాయము చేయువారికి అది పక్కజిల్లా ముచ్చట కాదు. కట్ట ఎచ్చట కట్టవలెను, ఎట్టి నేల పనికిరాదు అను మాటలు నేటి కాంట్రాక్టరుకు కూడ వినదగినవే.

ఇవి జరుగుటకు చోటు కావలెను. విశ్వవిద్యాలయపు సభామందిరమునకు పల్లెవారు పోరు. గుడి మండపమునకు అందరు రాలేకపోవచ్చును. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము పుట్టినదాదిగా గ్రంథాలయము కుల మత భేదము లేక కూర్చుండు చోటుగా నిలిచినది. 1948 మదరాసు గ్రంథాలయ శాసనమున ఏర్పడిన జిల్లా సంస్థలు దానికి కొంత స్థిరత్వమిచ్చినవి.

పనికి పెద్ద ధనము అక్కరలేదు. దక్షిణ భారత శాసన సంపుటములలో ఈ ప్రాంతమునకు చెందిన పుటల నకళ్లు, ఒక కన్నడ నిఘంటువు, ఒక పంచాంగము, కాగితము, కుంచె, మసిసిరా. ప్రభుత్వ రక్షణలోనున్న కట్టడములలో పురావస్తుశాఖ అనుమతి లేక రాతిని తాకరాదు. పొలిమేరలలోని వీరగల్లులను, మాస్తికల్లులను, బీడులో బోర్లపడిన దానశాసనములను ముందుగా పట్టిక వ్రాసికొనవచ్చును. ఊరు, పొలము పేరు, రాయి ముఖము ఏ దిక్కున నున్నది, పంక్తులు ఎన్ని, పైన సూర్యచంద్రుల బొమ్మ కలదా, ఎవరు చూపిరి, ఏ తేదీన చూచిరి అని ఏడు గడులుండిన చాలును. చరిత్రశాఖవారు వచ్చు దినమునకు ఆ పుస్తకము గ్రంథాలయపు బల్లపై సిద్ధముగా నుండవలెను.